నాకు స్టార్ట్ అయ్యేది, యాదయ్యకు కాదు

జూలై మూడో సోమవారం ఉదయం ఐదూ నలభైకి రాయదుర్గంలో రిపోర్ట్ చేశాను. లింగంపల్లి నుంచి షేర్ ఆటో. సన్నగా వాన. భుజాన ఒక సంచి. అందులో రెండు జతల యూనిఫాం, రెయిన్‌కోటు, టార్చి, స్క్రూడ్రైవర్, పట్టకారు, మూడు పానాలు.

ఊళ్లో మీరంతా నన్ను మంచు గురించే అడుగుతారు. ఇరవై నాలుగేళ్లు ఆర్మీలో ఇంజన్ మెకానిక్‌గా చేసి హవల్దారుగా బయటికి వచ్చాను. కొండల మీద గడ్డకట్టిన జనరేటర్ల సంగతులు మీకు చాలాసార్లు చెప్పాను. ఇప్పుడు చెప్పేది ఆ తర్వాతి డ్యూటీ. మాజీ సైనికులకు పని చూపించే ఏజెన్సీ ఒకటి నన్ను పదకొండు నెలలకు ఒక ఆఫీసు క్యాంపస్‌కు పంపింది. హోదా గ్రౌండ్ సూపర్‌వైజర్. పని: లాన్, చెట్లు, నీళ్ల పంపులు, వాటి మీద పనిచేసే మనుషులు.

స్థలం ఇలా ఉండేది. రెండు అద్దాల టవర్లు, ఒకటి పన్నెండు అంతస్తులు, ఒకటి పద్దెనిమిది. వాటి మధ్య ఎకరన్నర లాన్. లాన్ మధ్యలో జెండా స్తంభం. ఉత్తరం వైపు, బిల్డింగుల కోసం పగలగొట్టగా మిగిలిన రాతి గుట్ట. దాని పక్కన పంపు రూము, ఆ పక్కన రేకుల షెడ్డు. దక్షిణం వైపు గేటు. గాలి ఎప్పుడూ పడమటి నుంచి వచ్చేది. టవర్ల సందులో దూరి రెట్టింపయ్యేది. మొదటి రోజే నా టోపీ ఎగిరిపోయింది.

గేటు దగ్గర నాకు ఒక వైర్‌లెస్ సెట్టు ఇచ్చారు. నంబరు ఏడు. కంట్రోల్ రూములో ఉండేది పద్మ. గోపన్‌పల్లి ఆమె, నలభై దాటి ఉంటాయి. ఆమె గొంతు నాకు పదకొండు నెలలూ గడియారంలా పనిచేసింది.

"గ్రౌండ్, గ్రౌండ్. కంట్రోల్. వినవడుతుందా?"

"కంట్రోల్, గ్రౌండ్. వినవడుతుంది."

ఎప్పుడూ రెండుసార్లు పిలిచేది. ఇక్కడి పద్ధతి అనుకున్నాను.

ఏడున్నరకు ఫెసిలిటీ మేనేజర్ వచ్చారు. సత్యవతి గారు, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. గొడుగు మూయకుండానే, నిలబడే పనులు అప్పగించారు. లాన్‌లో గడ్డి మడమలు దాటి పెరిగిందనీ, గడ్డి కోసే మెషీన్ తొమ్మిది రోజులుగా స్టార్ట్ కావడం లేదనీ చెప్పారు. చివర ఒక్క మాట నొక్కి చెప్పారు.

"ఆగస్టు పద్నాలుగో తారీకు సాయంత్రానికి లాన్ సిద్ధంగా ఉండాలండి. పదిహేనున జెండా ఎగరేసేది మీరే."

మెషీన్ షెడ్డులో ఉంది. పక్కనే యాదయ్య నిలబడి ఉన్నాడు. వయసు యాభై ఏడు. బక్కపలచటి మనిషి, తలకు తువ్వాల. పద్నాలుగేళ్లుగా ఆ క్యాంపస్ మాలి. కలుపు తీయడానికి ఇద్దరు ఆడవాళ్లున్నారు కానీ మెషీన్ నడిపేది ఆయన ఒక్కడే. ఎడమ చేత్తో టీ గ్లాసు పట్టుకుని, "మీరు మిలిటరీ అట గద సార్. జర దీన్ని జూడుండ్రి" అన్నాడు.

అది పాత పెట్రోలు మెషీన్. నాలుగు చక్రాలు, కింద బ్లేడు, పైన చిన్న ఇంజన్, వెనక తోసే పిడి. తాడు లాగి స్టార్ట్ చేయాలి.

చిన్న ఇంజన్ స్టార్ట్ కాకపోతే చూడాల్సినవి నాలుగే: పెట్రోలు, గాలి, స్పార్క్, కంప్రెషన్. ఏది ముందు చూసినా, నాలుగూ చూడకుండా లేవకూడదు. మంగళవారం ఉదయం ఆరింటికి కూర్చున్నాను. ప్లగ్గు విప్పితే నల్లగా మసి. గీకి, తుడిచి, ఇంజన్‌కు ఆనించి తాడు లాగితే నీలం రవ్వ వచ్చింది. స్పార్క్ ఉంది. ప్లగ్గు రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి లాగితే వేలిని తోసేసింది. కంప్రెషన్ ఉంది. గాలి ఫిల్టరు మట్టిగడ్డలా ఉంటే సబ్బునీళ్లలో పిండాను. ఆఖరున ట్యాంకులో పెట్రోలు ఒక గాజు సీసాలోకి దింపి పక్కన పెట్టాను. పది నిమిషాల్లో అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు తేరుకున్నాయి.

ట్యాంకు మూత కింద రబ్బరు చిరిగి ఉంది. వాననీళ్లు దిగాయనుకున్నాను. రబ్బరు మార్చాను. కార్బొరేటర్ విప్పి, సన్నటి రాగి తీగతో రంధ్రం శుభ్రం చేశాను. కొత్త పెట్రోలు పోశాను. చోక్ వేసి లాగాను. మూడో లాగుకు అందుకుంది. తొమ్మిది రోజుల పొగ ఒక్కసారి కక్కి, తర్వాత సాఫుగా నడిచింది.

యాదయ్య చాలాసేపు ఇంజన్‌నే చూశాడు. సంతోషపడతాడనుకున్నాను. "మంచిగైంది" అన్నాడు. అంతే. పిడి పట్టుకుని లాన్ మీదికి తోసుకుపోయాడు.

బుధవారం ఉదయం ఆరూ ఐదుకు సెట్టు మోగింది.

"గ్రౌండ్, గ్రౌండ్. యాదయ్య చెప్తుండు, మెషీన్ స్టార్ట్ అయితలేదంట."

వెళ్లాను. లాగాను. రెండో లాగుకు స్టార్ట్. యాదయ్య తల గోక్కున్నాడు, ఎడమ చేత్తో. గురువారం అదే పిలుపు, అదే రెండో లాగు. శుక్రవారం మొదటి లాగుకే. నాకు స్టార్ట్ అయ్యేది, యాదయ్యకు కాదు. చోక్ సరిగా వేయడం లేదేమోనని నేర్పించాను. ఆయన అంతా విని, తలూపి, మళ్లీ మర్నాడు పిలిచేవాడు. లాగ్‌బుక్కులో తేదీ, టైము, ఎన్నో లాగుకు స్టార్ట్ అయిందీ రాస్తూ పోయాను. పద్మకు నవ్వులాట అయిపోయింది. "ఆ మెషీన్‌కు మీ మీద మనసు వడ్డట్టుంది" అని సెట్టులోనే అన్నది. ఆ మాట గేటు గార్డులందరూ విన్నారు.

అప్పటికి యాదయ్యా నేనూ పదింటికి పంపు రూము మెట్ల మీద కలిసి టిఫిన్ తినడం అలవాటైంది. యాదయ్యకు లాన్‌లో ప్రతి మూలా పేరు ఉండేది. నీడ మూల, గాలి మూల, సిగరెట్ల మూల. ఏ మొక్క ఏ ఏడు పెట్టిందీ చెప్పేవాడు. పక్క క్యాంపస్‌లో బ్యాటరీ మెషీన్ వచ్చిందనీ, బటన్ నొక్కితే చాలు దానంతట అదే లేస్తుందనీ రెండుమూడు సార్లు చెప్పాడు. ఆయన తింటున్నప్పుడు చెయ్యి నోటి దగ్గరికి రాదు, తలే కిందికి చేతి దగ్గరికి వంగుతుంది. అది చూశాను. మనిషి తీరు అనుకుని వదిలేశాను. ఇంజన్‌లో అంతకన్నా చిన్న తేడా ఉంటే పట్టేవాణ్ని.

ఆగస్టు ఆరున మెషీన్ నాకు కూడా స్టార్ట్ కాలేదు. ఎనిమిదిసార్లు లాగాను. ట్యాంకు దింపి సీసాలో పోశాను. మళ్లీ నీళ్లు.

మూత రబ్బరు కొత్తది. షెడ్డు కారదు. పెట్రోలు డబ్బా నా గదిలో ఉంటుంది. ఇక మిగిలింది ఒకటే. ఎవరో పోస్తున్నారు.

యూనిట్‌లో ఇలాంటిది జరిగితే విచారణ వేస్తారు. పడుకున్న మనిషి కింద నుంచి మంచం లాగినంత నేరం అది. ఎవరికీ చెప్పలేదు. అంతా శుభ్రం చేసి, నడిచేలా చేసి, మర్నాడు ఐదున్నరకే పంపు రూములోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. కిటికీ జాలీలోంచి షెడ్డు కనిపిస్తుంది. తుంపర పడుతోంది.

ఐదూ యాభైకి యాదయ్య వచ్చాడు. మెషీన్ బయటికి తోశాడు. చోక్ వేశాడు, నేను నేర్పించినట్టే. కుడి చేత్తో తాడు పట్టుకుని లాగాడు. తాడు జానెడు వచ్చి ఆగింది. మోచెయ్యి పక్కటెముకలకు అతుక్కున్నట్టు ఉండిపోయింది. మళ్లీ లాగాడు. ముఖం ఇంత చిన్నదైంది. ఎడమ చేత్తో పట్టుకున్నాడు. తాడు బయటికి వచ్చే రంధ్రం కుడి పక్కన ఉంది. అడ్డంగా లాగితే అంచుకు రాసుకుని సగంలో బిగిసింది. నాలుగుసార్లు అలా ప్రయత్నించి, గొంతుక్కూర్చుని, ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాడు. కొట్టలేదు, తిట్టలేదు. జ్వరం చూసినట్టు పెట్టాడు. తర్వాత జేబులోంచి చిన్న నీళ్ల సీసా తీశాడు. మూత తిప్పాడు. కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.

నా సెట్టు మోగింది. అంత దగ్గర్లో మోగడంతో ఆయన తలెత్తి చూశాడు.

బయటికి వచ్చాను. ముందు భుజం గూడకేమైందని అడిగాను. ఉగాది ముందు నుంచీ పట్టుకుపోయిందట. షుగర్ ఉన్నవాళ్లకు అట్లా అవుతుందని ఎవరో చెప్పారట. చొక్కా భార్య తొడగాలి, తల ఆమే దువ్వాలి. పోయిన ఏడాది హౌస్‌కీపింగ్‌లో ఒకామెకు నడుము పడితే వారంలో తీసేశారు. అది చూసి ఎవరికీ చెప్పలేదు.

"మరి నీళ్లు?"

"నేనే పోసిన సార్. రెండుసార్లు. ఇది ఖరాబైతే బటన్‌ది వస్తదని పోసిన. ఇయ్యాల పోయబుద్ధి కాలే. మీరు నిన్న రెండు గంటలు కూసొని కడిగిన్రు."

ఆ మాటతో నా కోపం తగ్గలేదు. మంచి ఇంజన్‌ను కావాలని చంపబోయిన మనిషి నా ముందు నిలబడ్డాడు. నేను మేడమ్‌కు చెప్పక తప్పదన్నాను. నా గొంతు పరేడ్ గ్రౌండ్ గొంతు అయింది. ఆయన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చెప్పుండ్రి సార్. అది మీ డ్యూటీ." తువ్వాల భుజాన వేసుకున్నాడు. "మీకు ఎడమ చెవి వినవడదు. నాకు మొదటి రోజే ఎర్కయింది. ఆ పక్కన నిలవడి మాట్లాడితే మీరు నవ్వి ఊకుంటరు. నేను ఎవ్వలికి చెప్పలే. బెదిరిస్తలేను సార్. మీరు గూడ దాసుకున్నరు గద, నా పరేషాన్ మీకు సమజైతదని చెప్తున్న."

నేను తిరిగి లాన్ చుట్టూ ఒక రౌండు నడిచాను. నిజమే. పదేళ్ల క్రితం, మూసిన గదిలో ఒక పెద్ద జనరేటర్ పక్కన మూడు నెలలు పనిచేశాక ఎడమ చెవి పోయింది. ఏజెన్సీ వైద్య పరీక్షలో డాక్టరు పెదవులు చూసి జవాబు చెప్పి పాసయ్యాను. అది గొప్పగా చెప్పుకోవడం లేదు. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు తెలిసింది.

ఎనిమిదింటికి ఇద్దరం సత్యవతి గారి గదికి వెళ్లాం. ఎలా మొదలుపెట్టాలా అని నేను గొంతు సవరించుకునే లోపే యాదయ్య అంతా చెప్పేశాడు. గూడ, తాడు, నీళ్లు. ఒక్క ముక్క దాచలేదు. ఆ తర్వాత నేను మాట్లాడకుండా ఉండలేకపోయాను. నాకు ఎడమ చెవి వినబడదని, పరీక్షలో దాచానని చెప్పాను.

ఆమె కలం పక్కన పెట్టారు. "మీ చెవి సంగతి మొదటి వారంలోనే తెలిసిందండి. పద్మ గారు చెప్పారు. అందుకే మిమ్మల్ని రెండుసార్లు పిలుస్తారు."

నేను నేల చూశాను. యాదయ్య కిటికీ చూశాడు.

తర్వాత ఆమె చెప్పింది ఇది. బ్యాటరీ మెషీన్ కావాలని రెండుసార్లు పైకి రాశారట. పాతది నడుస్తోంది కదా అని రెండుసార్లూ తిప్పి పంపారు. నా వైపు చూసి అడిగారు.

"ఇంజన్ పనికిరాదని మీరు రాసి ఇస్తే కొత్తది వస్తుందండి. రాస్తారా?"

రాస్తే అందరి పనీ అయిపోయేది. యాదయ్య నా ముఖం వైపే చూస్తున్నాడు. నేను ఇరవై నాలుగేళ్లలో బాగున్న ఇంజన్‌ను పాడైందని రాయలేదు.

"రాయలేను మేడమ్. ఇంజన్ మంచిగుంది. నాకు రెండు రోజులు టైమియ్యండి."

ఆ రోజు లాగ్‌బుక్కులో "ట్యాంకులో నీరు. శుభ్రం చేయడమైనది" అని రాశాను. ఎవరు పోశారన్నది రాయలేదు. ఆమె ఆ వరుస రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

మధ్యాహ్నం మెషీన్‌ను షెడ్డులో ఒక బల్ల మీదికి ఎత్తించాను. యాదయ్య ఎదురుగా బకెట్ బోర్లించి కూర్చున్నాడు. రాసివ్వలేదని నా మీద అలిగాడు. నేను ఇంజన్‌ను కాదు, ఆయన్ను చూశాను. ఎడమ చెయ్యి బాగుంది. కాళ్లు బాగున్నాయి. నడుము బాగుంది. తాడు మాత్రం కుడివైపు నుంచి వస్తోంది. తాడు చుట్టుకునే భాగం ఇంజన్ మీద గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. దానికి మూడు బోల్టులు, మూడూ సమాన దూరంలో. ఇన్ని రోజులూ అవి నా కళ్ల ముందే ఉన్నాయి.

మూడు బోల్టులూ విప్పాను. గిన్నెను ఒక రంధ్రం పక్కకు తిప్పి మళ్లీ బిగించాను. తాడు ఇప్పుడు ఎడమ పక్కకు వచ్చింది. ప్లాస్టిక్ పిడి తీసేసి, విరిగిన పార కామలోంచి జానెడు ముక్క కోసి, మధ్యలో తూటు పెట్టి కట్టాను. గుప్పిట నిండా పట్టుకోవచ్చు.

మెషీన్ కిందికి దింపి, యాదయ్యను పిలిచాను. "యాదన్నా, చేత్తో లాగొద్దు. ఎడమ చెయ్యి సాపుగ పెట్టి, ఒళ్లంతా ఎనకకెయ్యి."

మొదటిసారి తాడుతోపాటు మెషీన్ కూడా ఆయన మీదికి వచ్చింది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాం. రెండోసారి తాడు పూర్తిగా వచ్చింది కానీ నెమ్మదిగా. ఐదోసారి ఇంజన్ దగ్గింది. యాదయ్య ఆగి తువ్వాలతో అరచెయ్యి తుడుచుకున్నాడు. ఆరోసారి వెనక్కి ఎంత గట్టిగా పడ్డాడంటే కూర్చుండిపోయాడు. ఇంజన్ నడుస్తోంది. ఆయన నేల మీదే ఉండి, రెండు కాళ్లూ చాపి, దాని వంక చూస్తున్నాడు. ఆ చప్పుడులో ఏదో అన్నాడు. నాకు ఎడమ వైపు ఉన్నాడు, వినబడలేదు. ఈసారి నవ్వి ఊరుకోలేదు. దగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పమన్నాను.

"నాకు లేసింది సార్" అన్నాడు.

పన్నెండు, పదమూడు తేదీల్లో వాన వదల్లేదు. తడి గడ్డి బ్లేడుకు చుట్టుకుంటుంది, కోయలేం. పద్నాలుగున పదకొండున్నరకు తెరిపి ఇచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు యాదయ్య మూడో లాగుకు స్టార్ట్ చేశాడు. నేను సెట్టు తీశాను.

"కంట్రోల్, గ్రౌండ్. మెషీన్ నడుస్తుంది. యాదయ్య స్టార్ట్ చేసిండు."

"గ్రౌండ్, గ్రౌండ్. కిటికీలకెళ్లి చూస్తున్న." కాసేపటికి మళ్లీ, "రెండు ఫ్లోర్లోల్లు గూడ చూస్తున్నరు."

సాయంత్రం నాలుగున్నరకు కోత అయిపోయింది. మర్నాడు ఎనిమిదింటికి జెండా ఎగరేశాను. తాడు లాగి, ముడి విడిపించి, రెండడుగులు వెనక్కి వేసి సెల్యూట్ చేశాను. ఎన్నో చోట్ల చేశాను ఆ పని. కోసిన గడ్డి వాసన మధ్య చేయడం అదే మొదటిసారి. ఆఫీసువాళ్లంతా మిఠాయి తీసుకుని లిఫ్టుల వైపు పోయాక కూడా యాదయ్య లాన్ అంచున నిలబడి, ఎక్కడో మిగిలిన రెండు గడ్డి పోచలు చూపించి, అవి నా దృష్టిలో పడలేదు కదా అని అడిగాడు.

సత్యవతి గారు ఆయన్ను పని నుంచి తీయలేదు. నన్నూ తీయలేదు. మర్నాడే అరపూట సెలవిచ్చి యాదయ్యను దవాఖానకు పంపారు. నేనూ వెళ్లాను. గూడకు కసరత్తు రాశారు. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లతో చీమ పాకినట్టు పైకి ఎక్కించాలి. రోజూ పదింటికి, టిఫిన్ ముందు, పంపు రూము గోడ మీద మొదలుపెట్టాం. వేళ్లు ఎక్కడిదాకా పోతే అక్కడ సుద్దగీత. మొదటి గీత ఆయన నడుము ఎత్తున ఉంది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి. మానేస్తానని వారానికొకసారి అనేవాడు. నేను వినబడనట్టు ఊరుకునేవాణ్ని. దానికి మాత్రం నా చెవి పనికొచ్చింది.

"గ్రౌండ్, గ్రౌండ్. ఇయ్యాల యాదయ్య ఎంతవరకొచ్చిండు?"

"కిటికీ అంచు దాక."

"నిన్న గూడ గదే అన్నరు."

"నిన్న అంచు కింద. ఇయ్యాల అంచు మీద."

సంక్రాంతి దాటాక ఒకరోజు సొంతంగా తల దువ్వుకుని వచ్చాడు. పాపిడి వంకరగా ఉంది. ఎండలు ముదిరేసరికి గీతలు ఆయన నుదురు దాటాయి. అక్కడ ఆగిపోయాయి. చెయ్యి పూర్తిగా ఎప్పుడూ లేవలేదు. తాడు ఎడమ వైపే ఉంచేశాం.

జూన్ రెండో వారంలో నా పదకొండు నెలలు పూర్తయ్యాయి. కొత్త సూపర్‌వైజర్ ముందురోజే చేరాడు. లాగ్‌బుక్కు, తాళాలు అప్పగించాను. మెషీన్ గురించి ఆయనకు ఒక్కటే చెప్పాను, గిన్నె తిప్పి ఉంది, దాన్ని సరిచేయొద్దని. సాయంత్రం యాదయ్య, నేను చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాం. "ఇగ మీరు ఊర్లె ఉంటరు" అని రెండుసార్లు అన్నాడు. ఉంటానన్నాను.

మర్నాడు ఉదయం ఆరూ ఇరవైకి సంచి భుజాన వేసుకున్నాను. పద్మ గేటు దగ్గరికి వచ్చి సెట్టు తీసుకుంది. కుడి పక్కకు వచ్చి నిలబడి, ఒక్కసారే పేరు పెట్టి పిలిచి, మంచిగా పోయి రమ్మంది. ఆటో ఎక్కబోతూ వెనక్కి తిరిగాను.

రాత్రి తొలకరి పడింది. నేల మెత్తగా ఉంది. యాదయ్య మెషీన్ తోసుకుంటూ లాన్ మీద అడ్డంగా పోతున్నాడు. ఆయన వెనక ఏడు తెల్లకొంగలు. రాతి గుట్ట మీది నుంచి దిగాయో, గచ్చిబౌలి చెరువు వైపు నుంచి వచ్చాయో తెలియదు. కోసిన గడ్డిలోంచి లేచే పురుగులను పొడుచుకుంటూ, దుక్కి వెనక నడిచినట్టు, వరుసగా నడుస్తున్నాయి. ఇంజన్ చప్పుడుకు ఒక్కటీ బెదరలేదు. లాన్ చివర ఆయన మలుపు తిరిగితే అవి రెండు పాయలుగా విడిపోయి దారి ఇచ్చి, మళ్లీ వెనక చేరాయి. పద్దెనిమిది అంతస్తుల అద్దంలో ఇంకో యాదయ్య, ఇంకో ఏడు కొంగలు.

నేను చూసినంతసేపూ ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూసుకోలేదు.